రాసుకున్న ధర

రోలరు ఆగిపోయింది.

మా లాండ్రీలో కరెంటు పోవడం మామూలే, బాయిలరు మొరాయించడం అంతకన్నా మామూలు. దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆ పెద్ద రోలరు మాత్రం పనివేళ ఆగకూడదు. ఆగిందంటే నాలుగు హోటళ్ల దుప్పట్లూ ముడతలు పడి కుప్పలా ఉండిపోతాయి, పన్నెండింటి వ్యాను ఖాళీగా నిలబడుతుంది, ఆ పైన ఫోన్లో తిట్లు. తొమ్మిదేళ్లలో దాన్ని ఊరికే ఆపిన పాపాన ఎవరూ పోలేదు. ఇవాళ మా వదిన ఆపింది.

నేను పైనుంచి పరుగున దిగి వచ్చేసరికి ఆవిడ తడిబట్టల తోపుడుబండి పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. పనిచేసే ఆడవాళ్లిద్దరినీ టీ తాగి రమ్మని బయటికి పంపేసింది. ఒళ్లో ఒక కాగితం. అదేమిటో గుమ్మంలోంచే గుర్తుపట్టాను.

నోటీసు వచ్చిన సంగతి ఆవిడకి తెలియనిది కాదు. రేవు దాకా వేసే కొత్త రోడ్డుకి మా బిల్డింగు అడ్డమొచ్చిందనీ, ప్రభుత్వం తీసేసుకుంటోందనీ, రేపు పదింటికి విచారణ అనీ వారం కిందటే మొదటి పేజీ నేనే చదివి వినిపించాను. రెండో పేజీని మాత్రం సబ్బుపొడి బస్తాల వెనక దాచాను. ఏం తెలివి నాది! ఈ ఇంట్లో సబ్బుపొడి తీసేది ఆవిడే.

"ఈ దేశం అక్షరాలు నాకు రావు. అంకెలు వచ్చు," అంది వదిన. "ఈ అంకె ఏమిటో చెప్పు."

"అది... ధర వదినా."

"దేని ధర? ఈ రోలరుదా?"

"బిల్డింగుది."

"కింద లాండ్రీ, పైన ఇల్లు, వెనక బోరు, ఖాళీ జాగా, అన్నీ కలిపా?"

"కలిపే."

వదిన కాగితం వంక ఇంకోసారి చూసింది. కళ్లజోడు పైకి తోసుకుని చూసింది. ఆవిడ గొంతు పెరుగుతుందనుకున్నాను. పెరగలేదు.

"నేనొక్కదాన్ని కట్టిన సగమే దీనికి రెండింతలు కదే," అంది.

నిజమే. మొగుడు పోయాక మిగిలిన ఒక్క ఫ్లాటునీ అమ్మేసి, ఆ డబ్బు మొత్తం తెచ్చి తమ్ముడి మాట మీద, అంటే మా ఆయన మాట మీద, ఈ బిల్డింగులో పోసిన మనిషి. లాండ్రీలో సగం ఆవిడది, మేడ మీద మూడో గది ఆవిడది. తొమ్మిదేళ్లుగా పొద్దున్నే అయిదింటికి బాయిలరు వెలిగించేదీ ఆవిడే. ఈ గోడలు తప్ప ఆవిడకి లోకంలో వెనకా ముందూ ఏమీ లేదు.

చట్టం వచ్చి మూణ్ణెల్లయింది. పరాయి దేశస్థుల పేరున ఉన్న స్థలం ఏదైనా ప్రభుత్వం కావాలనుకుంటే తీసుకోవచ్చు. ఈ దేశం వాళ్లకైతే ఇవాళ్టి ధర కట్టిస్తారు. మాలాంటి వాళ్లకి మాత్రం కొన్న రోజు దస్తావేజులో మేమే రాసుకున్న ధర. అంతకు పైసా ఎక్కువ లేదు, కోర్టుకెక్కే హక్కు లేదు. మా దస్తావేజులో ఉన్నది అసలు ధరలో నాలుగో వంతు.

"ఇంత తక్కువ ఎవరు రాశారు?" అడిగింది వదిన.

సరిగ్గా అప్పుడే మెట్ల మీద నాన్న దగ్గు వినిపించింది.

మా నాన్న ముప్పై ఎనిమిదేళ్లు మా ఊళ్లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట బల్ల వేసుకుని దస్తావేజులు రాసిన మనిషి. ఆ చేత్తోనే మమ్మల్ని చదివించాడు, పెళ్లిళ్లు చేశాడు. కొన్న ధర ఒకటి, కాగితం మీద ధర ఒకటి. ఎంత తగ్గించి రాసి ఆఫీసు వాళ్ల చేత ఒప్పిస్తే రైటరు అంత ఘనుడు. స్టాంపు ఖర్చు మిగిల్చాడని జనం ఆయనకి చేతులెత్తి దండం పెట్టేవాళ్లు. అది తప్పన్న మాట నేను పెద్దయ్యేదాకా వినలేదు, విన్నాక కూడా పట్టించుకోలేదు.

మేం ఈ బిల్డింగు కొన్నప్పుడు నాన్న మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఇక్కడే ఉన్నాడు. మా ఆయన రోలరు తేవడానికి ఫ్యాక్టరీకి వెళ్లారు. "రాతకోతల సంగతి నాకొదిలెయ్ తల్లీ," అన్నాడు నాన్న. నన్ను మాట సాయానికి పెట్టుకుని అమ్మేవాడితో మాట్లాడాడు, నోటరీతో మాట్లాడాడు, నాలుగో వంతుకి రాయించాడు. అందరి తరఫునా ఏడు చోట్ల సంతకం పెట్టింది నేను. ఆ రోజు ఆయన్ని చూసి గర్వపడ్డాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

"ఏమిటమ్మా, మిషను ఆగింది?" అంటూ నాన్న లోపలికి వచ్చాడు. వదిన చేతిలో కాగితం చూసి ఆగిపోయాడు.

"రండి మావయ్య గారూ," అంది వదిన. "మీ రాత చూస్తున్నాను."

నాన్న నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను.

"కంగారు పడకు తల్లీ. లోకమంతా చేసేదే మనమూ చేశాం. పన్ను బోలెడు మిగిలింది."

"ఎవరికి మిగిలింది?"

"అందరికీ. నీకూ మిగిలింది."

"నాకు మిగిలినట్టు నాకెవరూ చెప్పలేదే!"

"చట్టం ఇలా తిరగబడుతుందని ఎవరు కలగన్నారమ్మా?"

"చట్టం సంగతి సరే. తొమ్మిదేళ్లు నా దగ్గర దాచమని కూడా చట్టమే చెప్పిందా?"

నాన్న కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

బయట వ్యాను ఆగింది. మా ఆయన ఖాళీ సంచులు భుజాన వేసుకుని ఈల వేస్తూ వచ్చారు. లోపల మా మొహాలు చూసి ఈల ఆపేశారు.

"ఒరేయ్ తమ్ముడూ," అంది వదిన, "బిల్డింగుకి ఎంత రాశారో నీకు తెలుసా?"

ఆయన సంచులు కింద పెట్టారు. ఒక దిండు గలీబు తీసి మడతపెట్టారు. మడత విప్పి మళ్లీ పెట్టారు.

"నీళ్లు నమలకురా. తెలుసా, తెలీదా?"

"తెలుసక్కా."

"ఎప్పట్నుంచి?"

"రోలరుతో తిరిగొచ్చిన రోజు నుంచి."

వదిన ఒళ్లో కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. ఆరబెట్టే మిషన్లో ఎవరిదో బొత్తాం టకటకమని కొట్టుకుంటోంది. ఆవిడ అరిచి గోల చేసినా బాగుండేది, ఏ దుప్పటో విసిరికొట్టినా బాగుండేది.

"నా దగ్గర బ్యాంకు రసీదుంది," అంది చివరికి. "అమ్మినవాడి పేరు, తారీకు, నేను కట్టిన మొత్తం, అన్నీ ఉన్నాయి. రేపు అది చూపిస్తే?"

ముగ్గురం మొహమొహాలు చూసుకున్నాం. మేం సలహా అడిగిన వకీలు ఆ సంగతి మొన్ననే మాకు చెప్పాడు. ఆవిడకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"చూపిస్తే నీ సగం నీకు పూర్తిగా ఇస్తారక్కా," అన్నారు మా ఆయన, నేల చూస్తూ. "తప్పుడు ధర సంగతి తెలియని భాగస్తులకి నష్టం రానివ్వరట. కానీ..."

"కానీ?"

"సంతకం పెట్టిన మనిషికి రెండేళ్లు జైలు. తెలిసి ఊరుకున్నవాళ్లకీ అదే శిక్ష. తర్వాత దేశం దాటించేస్తారు. మా సగంలో పైసా రాదు."

వదిన అప్పుడు నా వంక తిరిగింది. మొట్టమొదటిసారి నా మొహంలోకి నేరుగా చూసింది. నాకు సిగ్గేసింది, భయమేసింది. భయమే ఎక్కువ, అబద్ధమెందుకు.

"ఆ రసీదు చింపెయ్ తల్లీ," అన్నాడు నాన్న. "వచ్చిందేదో నలుగురం పంచుకుని ఎక్కడో చోట బతుకుదాం. పరువుగా బయటపడతాం."

"పరువా!" అంది వదిన. "మావయ్య గారూ, మీకు కూతురుంది, అల్లుడున్నాడు, మనవరాలుంది. ఎక్కడికెళ్లినా ఓ గదిలో మంచం వేస్తారు. నాకు ఎవరు వేస్తారు?"

"నేను లేనా అక్కా?" అన్నారు మా ఆయన.

"ఉన్నావురా. తొమ్మిదేళ్లూ ఉన్నావు."

ఆ మాటకి ఆయన గోడ వైపు తిరిగిపోయారు.

వదిన లేచి రోలరు స్విచ్చి వేసింది. బయటికి వెళ్లి పనివాళ్లని పిలిచింది. మధ్యాహ్నం వ్యాను వేళకే బయల్దేరింది. కొంప మునుగుతున్నా ఆ దుప్పట్లలో ఒక్క ముడత లేదు. అదీ మా వదిన.

*

ఆ సాయంత్రం ఆవిడ మాతో కలిసి తినలేదు. మా చిన్నది కంచం పట్టుకెళితే, "ఆకలి లేదమ్మా, మీ అమ్మకి చెప్పు," అని పంపేసింది. ఎనిమిదేళ్ల పిల్ల. దానికేం తెలుసు? "అత్తకి జ్వరమా?" అని అడిగింది.

తీరిక చూసుకుని నేనే వెళ్లాను. వదిన గదిలో మంచం మీద బట్టలు మూడు దొంతరలుగా పేర్చుకుంటోంది. గది నిండా ఇస్త్రీ ఆవిరి వాసన, ఆవిడ చీరల్లోంచి అది ఎప్పటికీ పోదు.

"వదినా, నన్ను తిట్టండి," అన్నాను.

"తిడితే ఏమొస్తుంది?"

"నాకు కాస్త తేలికవుతుంది."

"నీకు తేలిక చెయ్యడానికి నేనెందుకు తిట్టాలి?"

మాట సూదిలా దిగింది. అయినా కదలకుండా నిలబడ్డాను.

వదిన దిండు కింద నుంచి ఒక కవరు తీసి నా చేతిలో పెట్టింది. తెరిచి చూడక్కర్లేదు, రసీదే.

"ఇది నువ్వే ఉంచుకో," అంది. "రేపు నేనూ వస్తాను. వెనక కూర్చుంటాను. నేను ఒక్క మాట మాట్లాడను. చూపిస్తావో చింపేస్తావో నీ ఇష్టం."

"ఇంత పెద్ద పని నా నెత్తిన పెడతారా వదినా?"

"నువ్వు నాకు చెప్పకుండా ఏడు సంతకాలు పెట్టావు. ఈ ఒక్కటీ నన్ను అడక్కుండానే చెయ్యి."

గదిలోకి వచ్చి ఆ కవరు మా ఆయనకి చూపించాను. ఆయన మంచం అంచున కూలబడ్డారు.

"చింపెయ్యి," అన్నారు.

"మీ అక్క ఏమైపోతుంది?"

"నేను చూసుకుంటాను."

"ఎలా? ఈ నాలుగో వంతులో ఆవిడ వాటా గది అద్దెకి ఎన్నాళ్లొస్తుంది? ఈ వయసులో ఆవిడ ఎవరి లాండ్రీలో దుప్పట్లు మడవాలి?"

"మరి నువ్వు జైలుకెళ్తే చిన్నదేమైపోతుందే?"

కాసేపు ఒకరినొకరు తిట్టుకున్నాం. మీ నాన్న వల్లే అన్నారాయన. మీరు ఆ రోజు ఇంట్లో ఉండి ఉంటే అన్నాను నేను. రోలరు ఎవరి కోసం తేవడానికెళ్లానన్నారు. పక్క గదిలో నాన్న వింటున్నాడని తెలిసినా గొంతులు తగ్గించలేదు. చివరికి అలిసిపోయి ఊరుకున్నాం. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. విడిపించుకోలేదు.

*

విచారణ గది బయట పొడుగాటి వరండా. గోడకి రోడ్డు పటం తగిలించారు. తీసుకునే స్థలాలకి ఎర్ర గీతలు. మా బిల్డింగు వేలి గోరంత ఉంది అందులో. బెంచీల నిండా మాలాంటి వాళ్లే, ఏ దేశం నుంచో వచ్చి, ఇక్కడ ఓ కొట్టో కొంపో కొనుక్కున్నవాళ్లు. ఎవరి ఒళ్లో వాళ్ల ఫైలు.

మా ముందు కళ్లద్దాల షాపాయన లోపలికెళ్లాడు. నాలుగు నిమిషాల్లో బయటికొచ్చాడు. మెట్లు ఎదురుగానే ఉన్నాయి, అయినా "మెట్లు ఎటు?" అని నన్ను అడిగాడు. చెయ్యి పట్టుకుని చూపించాను.

"ఏమడిగినా అవును అను," చెవిలో చెప్పాడు నాన్న. "కాగితంలో ఉన్నదానికి అవును. అంతకు మించి ఒక్క ముక్క వద్దు. నా అనుభవంతో చెబుతున్నాను."

మా నంబరు పిలిచారు.

ఆఫీసరు నాకన్నా చిన్నవాడు. లేచి నమస్కారం చేసి కుర్చీ చూపించాడు. అంత మర్యాద చూస్తే నాకింకా భయమేసింది. పక్కనే దుబాసీ. బజారు మాటలు నాకు వచ్చినా, ఆఫీసు భాష చదవగలిగినా, అందులో మాట్లాడలేను, పైగా పరదేశీయుల మాట దుబాసీ చెబితేనే రాసుకుంటారు. మా ఆయన, నాన్న కుడి పక్క బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నారు. వదిన వెనకాల, తలుపు దగ్గర.

ఆఫీసరు దస్తావేజు తెరిచి వేలితో చూపించాడు.

"ఈ సంతకం మీదేనా?" అడిగాడు దుబాసీ.

"నాదే."

"మీరు కట్టిన ధర ఇదేనా?"

అవును. మూడక్షరాల మాట. అనేస్తే అయిపోతుంది. సాయంత్రానికి ఇంటికెళ్లి చిన్నదానికి జడ వేసుకోవచ్చు. నోరు తెరిచాను. అప్పుడు నేను వదిన వైపు చూడలేదు. చూస్తే ఆవిడ నన్ను బతిమాలినట్టవుతుందేమోనని, ఆవిడకి ఆ తలవంపు నా వల్ల రాకూడదని చూడలేదు.

"కాదు," అన్నాను.

పక్క బెంచీ మీద నుంచి నాన్న గొంతు, "అమ్మాయ్!" అని వినిపించింది.

కవరు తీసి బల్ల మీద పెట్టాను. అది అంచు నుంచి జారి కిందపడితే ఆఫీసరే వంగి తీశాడు. "అసలు ధర దీనికి నాలుగింతలు. సగం మా వదిన కట్టింది. ఆవిడకి ఈ తప్పుడు ధర సంగతి నిన్నటిదాకా తెలీదు. ఆవిడ వాటా ఆవిడకి ఇప్పించండి," అన్నాను. ఒక్క ఊపిరిలో అనేశాను, ఆగితే మళ్లీ చెప్పలేనని.

దుబాసీ నన్ను వింతగా చూసి, మెల్లగా అనువదించాడు. ఆఫీసరు రసీదు తిప్పి చూశాడు, తారీకు సరిపోల్చుకున్నాడు. అతని మొహంలో మర్యాద అలాగే ఉంది. డ్రాయరు లాగి వేరే రంగు ఫారం ఒకటి బయటికి తీశాడు. ఏదో అడిగాడు.

"ఈ ధర తప్పని మీ ఇంట్లో ఇంకెవరికైనా తెలుసా అని అడుగుతున్నారు," అన్నాడు దుబాసీ.

మా ఆయన లేవబోయారు. నాన్న ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగాడు. "పిల్లకి ఒక్కరైనా మిగలాలి, కూర్చోండి అల్లుడు గారూ," అని గొణగడం నాకు వినిపించింది. సబబైన మాటే. ఆ మాట అన్నవాడు తను లేస్తాడేమోనని చూశాను. రాయించింది నేను, పిల్ల నా మాట విని సంతకం పెట్టింది, అంటాడేమోనని చూశాను. ఆయన కదల్లేదు.

"ఎవరికీ తెలీదు," అన్నాను. "నాకొక్కదానికే."

నాన్న మెల్లగా తల ఊపాడు, బాగా చెప్పావన్నట్టు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. అప్పటిదాకా ఏడవకుండా ఎలా ఉన్నానో నాకే తెలీదు.

దుబాసీ అనువదించాడు. ఆఫీసరు తల వంచి రాసుకోవడం మొదలుపెట్టాడు.

వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. వదిన లేచి నిలబడింది. తొమ్మిదేళ్లు ఈ దేశపు ఆడవాళ్ల సరసన దుప్పట్లు మడిచిన మనిషి, దుబాసీ వైపు చూడనైనా చూడకుండా, వాళ్ల భాషలోనే, తొట్రుపాటు లేకుండా మాట్లాడింది.

"రాయకండి బాబూ. ఆ పిల్ల అబద్ధం చెబుతోంది. ఇంకో మనిషికి తెలుసు."

ఆఫీసరు తలెత్తాడు. "ఎవరికి?"

వదిన చెయ్యెత్తి కుడి పక్క బెంచీ వైపు చూపించింది. దాని మీద నాన్న, మా ఆయన పక్కపక్కనే కూర్చుని ఉన్నారు.